ఓపీ చీటీలో లేని గడి

బళ్లారి జిల్లా సిరుగుప్ప తాలూకాలోని సిరిగేరి లాంటి ఊళ్లలో ఎవరి మాతృభాష ఏదో వాళ్ల పలకరింపును బట్టి తేల్చడం కష్టం. మద్రాసు రాష్ట్రంలో ఉన్నంతకాలం ఇటు సిరుగుప్ప, అటు ఆదోని ఒకే జిల్లాలోవి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. సిరుగుప్పతో సహా మిగతావి మైసూరుకు వెళ్లాయి. బళ్లారి తాలూకా ఎటన్నది తేల్చడానికి జస్టిస్ మిశ్రాతో కమిషన్ వేయాల్సి వచ్చింది. గీత పడినా సంతలు, పెళ్లి సంబంధాలు, కూలి పనులు దానికి రెండు వైపులా సాగుతూనే ఉన్నాయి. అదే ఏడు పూర్తయిన తుంగభద్ర ఆనకట్ట నీళ్లు కోస్తా జిల్లాల రైతులను కూడా ఇక్కడికి రప్పించాయి. వాళ్లు కట్టుకున్న ఊళ్లను ఇప్పటికీ క్యాంపులంటారు. తరాలుగా ఇక్కడే ఉన్నవారు, నీళ్ల వెంట వచ్చినవారు, కూలి కోసం ఏటా గీత దాటేవారు అంతా కలిపి 2011 జనగణనలో ఉమ్మడి బళ్లారి జిల్లాలో దాదాపు పది మందిలో ఒకరు తెలుగును మాతృభాషగా చెప్పుకున్నారు. ఉర్దూ చెప్పుకున్నవారూ తక్కువేం కాదు. లంబాడీ మాట్లాడేవారూ ఉన్నారు.

ఇంతమంది వెళ్లే ప్రభుత్వ ఆసుపత్రిలో ఓపీ చీటీ మీద పేరు, వయసు, ఊరు రాస్తారు. ఏ భాషలో చెబితే ఈ మనిషికి అర్థమవుతుందన్నది మాత్రం ఎక్కడా రాయరు. ఆ గడి లేకపోవడం చిన్న లోపం కాదని, సర్కారు వైద్యంలో సమానత్వం గురించి మాట్లాడాలంటే అక్కడే మొదలుపెట్టాలని నా వాదన. వైద్యం సగం మాటల మీదే నడుస్తుంది. నొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి, తిన్నాక పెరుగుతుందా తగ్గుతుందా అన్న ప్రశ్నలకు వచ్చే జవాబును బట్టే ఏ పరీక్ష రాయాలో డాక్టరు నిర్ణయించుకుంటారు. టీబీ మందులు కనీసం 6 నెలలు ఆపకుండా వాడాలి. రెండో నెలలో దగ్గు తగ్గగానే మానేస్తే జబ్బు మొండిదవుతుంది. ఎందుకు మానకూడదో తన భాషలో విన్న మనిషికీ, తల ఊపి మాత్రలు తీసుకుపోయిన మనిషికీ దొరికిన వైద్యం ఒకటే ఎలా అవుతుంది? ఇద్దరికీ మాత్రలు ఉచితమే, నిజమే.

మధ్యలో ఎవరో ఒకరు చెబుతారులే అనుకుంటాం. ఆ ఎవరో ఒకరు సాధారణంగా మరిదో, పక్కింటి మనిషో, బడికి పోయే కొడుకో అవుతారు. తెల్లబట్ట అవుతోందని, నెల తప్పిందని, ఇంట్లో దెబ్బలు తిన్నానని ఒక స్త్రీ వాళ్ల నోటితో చెప్పించగలదా? అమెరికాలో స్పానిష్ మాట్లాడే కుటుంబాలు పిల్లలను డాక్టరుకు చూపించినప్పుడు జరిగిన సంభాషణలను గ్లెన్ ఫ్లోరెస్ బృందం పరిశీలించి 2003లో ఒక అధ్యయనం వెలువరించింది. ఒక్కో సంభాషణలో సగటున 31 అనువాద తప్పులు దొరికాయి. ఆసుపత్రి నియమించిన దుబాసీల తప్పుల్లో చికిత్సకు చేటు తేగలిగినవి 53 శాతమైతే, అప్పటికప్పుడు దొరికినవారు చేసిన తప్పుల్లో అవి 77 శాతం. పరిశీలించినవి 13 సంభాషణలే కాబట్టి ఈ అంకెలను బళ్లారికి యథాతథంగా అతికించలేం. కానీ ప్రమాదం ఎటు ఉందో అవి చూపిస్తున్నాయి.

లెక్క రాయడం ఎందుకంత ముఖ్యమో ఐర్లండ్ అనుభవం చెబుతుంది. అక్కడ ట్రావెలర్లనే సంచార సమాజం తరతరాలుగా ఉంది. వారి ఆరోగ్యం బాగాలేదని అందరూ అనేవారు గానీ ఎంత బాగాలేదో ఎదురుగా అంకె లేకపోతే ఏ ప్రభుత్వమూ కదలదు. 2010లో వెలువడిన అఖిల ఐర్లండ్ ట్రావెలర్ ఆరోగ్య అధ్యయనం ఆ అంకెను ముందు పెట్టింది. ట్రావెలర్ పురుషుల ఆయుర్దాయం మిగతా పురుషుల కన్నా 15 ఏళ్లు, స్త్రీలది 11 ఏళ్లకు పైగా తక్కువ. శిశుమరణాలు మూడు రెట్లకు పైనే. ఇంటింటికీ వెళ్లి వివరాలు అడిగినవారు కూడా శిక్షణ పొందిన ట్రావెలర్లే. అందుకే జనం నోరు విప్పారు. 2017 మార్చి 1న ప్రభుత్వం వారిని ప్రత్యేక జాతిగా గుర్తించింది. తర్వాత 2022-27 కాలానికి వారికోసమే ఒక ఆరోగ్య కార్యాచరణ ప్రణాళిక వచ్చింది. వాళ్లకూ డాక్టర్లకూ ఇంగ్లీషు వచ్చినా అంత అంతరం ఉండటం చూస్తే భాష ఒక్కటే అడ్డు కాదని, వివక్ష, పేదరికం, అపనమ్మకం కూడా అడ్డేనని తెలుస్తుంది. మన దగ్గర వీటికి భాష అదనంగా తోడవుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జిల్లా నివేదికల్లో రక్తహీనత, కాన్పులు, టీకాలు అన్నీ ఉంటాయి గానీ భాషవారీ పట్టిక ఉండదు.

మన చట్టాలు భాషను పట్టించుకోలేదని కాదు. రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రకారం రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ప్రభుత్వానికి అర్జీ పెట్టుకోవచ్చు. 350ఎ ప్రకారం ప్రాథమిక చదువు మాతృభాషలో అందాలి. ఒక జిల్లాలో గానీ తాలూకాలో గానీ 15 శాతం మంది మాట్లాడే భాషలోకి ముఖ్యమైన ప్రకటనలు అనువదించాలని భాషా అల్పసంఖ్యాకుల రక్షణల్లో ఉంది. 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రం జబ్బు వివరాలను రోగికి తెలిసిన భాషలో చెప్పాలంటుంది. అయినా అర్జీకీ బడికీ దొరికిన రాజ్యాంగ హామీ ఆసుపత్రి మంచానికి దొరకలేదు.

బళ్లారి తెలుగువాళ్లు అల్పసంఖ్యాకులేమిటి, వ్యాపారంలో, రాజకీయాల్లో వాళ్లదే పైచేయి కదా, డాక్టర్లకూ తెలుగు వస్తుంది కదా అంటారు. ఇందులో నిజముంది. బళ్లారి బజారులో తెలుగుతో ఎవరికీ పని ఆగదు. కానీ పలుకుబడి ఉన్నవాడు సర్కారు ఓపీ వరుసలో నిలబడడు. కోసిగి, మంత్రాలయం వైపు నుంచి పొలం పనికి వచ్చిన కూలీ నిలబడుతుంది. సంతలో బేరమాడటానికి సరిపోయే కన్నడం గుండె దడను వివరించడానికి చాలదు. ఆ పూట డాక్టరుకు తెలుగు రావడం ఆమె అదృష్టం. బదిలీ మీద మైసూరు వైపు నుంచి మరొకరు రాగానే ఆ అదృష్టం పోతుంది.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. కన్నడనాట కన్నడానికే చోటు తగ్గుతోందని బాధపడేవారికి రోగి భాషలో చెప్పాలన్న ఈ కోరిక తెలుగు చొరబాటులా కనిపించవచ్చు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. అయితే నేను అడుగుతున్నది పాలనా భాషను మార్చమని కాదు, రోగికి అర్థమయ్యేలా చెప్పమని. ఇదే హక్కు ఆదోని, రాయదుర్గం ఆసుపత్రులకు వచ్చే కన్నడిగులకూ ఉండాలి. మనవైపు దాని గురించి అడిగేవారు తక్కువ, అది మన తప్పే. గీత ఒక్కటే చాలు మనిషిని ఆపడానికి. 2021 మే నెలలో కోవిడ్ రోగులతో కర్నూలు దాటి హైదరాబాదు వెళ్తున్న అంబులెన్సులను తెలంగాణ పోలీసులు పుల్లూరు దగ్గర ఆపినప్పుడు రెండు వైపులా తెలుగే. హైకోర్టు జోక్యం చేసుకున్నాక గాని దారి తెరుచుకోలేదు. గీతకు భాష కూడా తోడైన చోట రోగి ఎంత ఒంటరో ఊహించవచ్చు.

ఖర్చు సంగతి తేలిక. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దుబాసీని పెట్టాల్సిన పని లేదు. ఆశా కార్యకర్త ఆ ఊరి మనిషే అయ్యుండాలన్నది 2005 నుంచీ ఉన్న నియమం. సరిహద్దు ఊళ్లలో రెండు భాషలూ వచ్చిన ఆశాలు, నర్సులు ఇప్పటికే ఈ పని చేస్తున్నారు, ఎవరూ అడగకుండా, ఎవరూ లెక్కపెట్టకుండా. దాన్ని వాళ్ల బాధ్యతల్లో రాసి, అందుకు భత్యం ఇవ్వాలి. ఓపీ చీటీలోనూ, గర్భిణులకిచ్చే తాయి కార్డులోనూ మాతృభాషకు ఒక గడి పెట్టాలి. కన్నడం, తెలుగు, ఉర్దూ, లంబాడీ ఏదైనా అందులో రాయాలి. ఏడాది తిరిగేసరికి ఏ భాషవారు టీబీ మందులు మధ్యలో మానేస్తున్నారో, ఏ భాష తల్లులు నెలలు నిండాక గాని ఆసుపత్రి గడప తొక్కడం లేదో తాలూకా ఆరోగ్యాధికారి బల్ల మీదికి వస్తుంది. అప్పుడు సిరిగేరికి ఇంకో డాక్టరు కావాలో, తెలుగొచ్చిన నర్సు కావాలో వాదించుకోవడానికి చేతిలో కాగితం ఉంటుంది.