మీ మొదటి పని.. పని బల్లే!
చేతి పనిముట్లతో వడ్రంగం నేర్చుకోవాలనుకునే పల్నాడు యువతకు ఓ ప్రాజెక్టు

పదో తరగతి అయిపోయింది. లేదా డిగ్రీ మధ్యలో ఆగిపోయింది. ‘ఏదైనా చేతిపని నేర్చుకుందాం’ అనుకుంటున్నారా? వడ్రంగం మీద మనసుందా? అయితే ఫోన్లో వీడియో చూసి నేరుగా కుర్చీతోనో, టీవీ స్టాండుతోనో మొదలుపెట్టకండి. ఆ పనులన్నీ ఏ బల్ల మీద చేయాలో ముందు ఆ బల్లను మీ చేతులతో తయారు చేసుకోండి. కరెంటు మిషన్లు అక్కర్లేదు. రంపం, తోపడ, ఉలి, కొయ్య సుత్తి ఉంటే చాలు. కొలవడం, కోయడం, చిత్రిక పట్టడం, జాయింటు బిగించడం.. ఈ నాలుగూ ఒక్క బల్లతోనే అలవాటవుతాయి. పైగా చిన్న చిన్న లోపాలున్నా ఎవరూ వంక పెట్టరు. అది మీ బల్ల!

అసలు బల్ల ఎందుకు?

మన పల్నాటి ఊళ్లలో పాతతరం వడ్రంగులు చాలావరకు నేల మీద కూర్చునే పని చేశారు. చెట్టు నీడన ఓ మొద్దు వేసుకుని, కాళ్లతో చెక్కను అదిమిపట్టి, బాడిసతో చెక్కేవారు. నాగలి, కాడి, గొర్రు, గుంటక, ఎడ్లబండి అన్నీ అలా తయారైనవే. ఏడాది పొడుగునా రైతుల పనిముట్లు బాగుచేసినందుకు కళ్లం దగ్గర ధాన్యం రూపంలో ‘మేర’ ముట్టేది. ట్రాక్టర్లు వచ్చాక నాగలి మూలన పడింది, మేరా పోయింది.

ఇప్పుడు వచ్చే పని వేరు. తలుపులు, కిటికీలు, మంచాలు, కప్‌బోర్డులు, దుకాణాల్లో ర్యాకులు. వీటికి పొడవాటి చెక్క తిన్నగా రావాలి, మూలలు సరిగ్గా కలవాలి. చెయ్యి తిరిగిన మేస్త్రి నేల మీద కూర్చుని కూడా అది సాధిస్తారు. కొత్తవారికి మాత్రం చెక్క కదిలితే గీత తప్పుతుంది, ఉలి జారితే చేతికి తగులుతుంది. చెక్కను కదలకుండా పట్టి ఉంచడం.. బల్ల చేసే పని అదొక్కటే. కానీ అదే ముఖ్యం.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. ఇటలీలోని హెర్క్యులేనియంలో దొరికిన రోమన్ల కాలం నాటి గోడబొమ్మలో కూడా వడ్రంగి బల్ల కనిపిస్తుంది. 18వ శతాబ్దంలో ఆండ్రే జాకబ్ రూబో అనే ఫ్రెంచి వడ్రంగి తన పుస్తకంలో బొమ్మ గీసి చూపించిన బల్లను నేటికీ చాలా దేశాల్లో తయారు చేస్తున్నారు. దాని సూత్రం ఒక్కటే.. బరువుగా ఉండాలి, ఊగకూడదు.

కలప ఏది తీసుకోవాలి?

టేకు అవసరం లేదు. ఖరీదు దండగ. మనకు దొరికే వేప, తుమ్మ సరిపోతాయి. తుమ్మ గట్టిది, బరువైనది. ఉలి పదును మీద బాగా పట్టు రాకముందు వేపతో వెళ్లడమే తేలిక. పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చే దూలాలు, వాసాలు దొరికితే ఇంకా మంచిది. అవి ఏళ్ల తరబడి ఆరి ఉంటాయి. కాకపోతే మేకులన్నీ పీకేశాకే రంపం పెట్టండి. చెద, పురుగు తొలిచిన బెజ్జాలు ఉన్నాయేమో చూసుకోండి.

పచ్చి కలపతో మాత్రం చేయొద్దు. ఆరేకొద్దీ కుంచించుకుపోయి, మెలి తిరిగి, జాయింట్లు వదులవుతాయి. గాలికి ఆరబెట్టాలంటే అంగుళం మందానికి సుమారు ఏడాది పడుతుందని ఓ మోటు లెక్క. మన ఎండల్లో నేరుగా పెడితే పగుళ్లిస్తుంది. నీడలో, పలకల మధ్య సన్న రీపర్లు వేసి పేర్చండి. కొసలకు పెయింటు పూస్తే పగుళ్లు తగ్గుతాయి.

ఇంకో మాట. సొంత చేలో చెట్టయినా కొట్టే ముందు వాల్టా చట్టం (2002) ప్రకారం అనుమతి గురించి కనుక్కోండి. మాచర్ల, వినుకొండ వైపు నల్లమల అంచున ఉండేవారు మరింత జాగ్రత్త. కోత మిల్లులో కొంటే బిల్లు తీసుకోండి.

లెక్క వేసుకోండి

కలపను ఘనపుటడుగుల్లో అమ్ముతారు. సూత్రం తేలికే. వెడల్పు అంగుళాల్లో × మందం అంగుళాల్లో × పొడవు అడుగుల్లో ÷ 144. అయిదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పున్న బల్లకు లెక్క ఇలా ఉంటుంది:

* పై పలకలు: 6 × 3 అంగుళాలు, 5 అడుగులవి నాలుగు - 2.5 ఘనపుటడుగులు
* కాళ్లు: 4 × 4 అంగుళాలు, రెండున్నర అడుగులవి నాలుగు - 1.1
* కింది పొడవు పట్టీలు: 4 × 2 అంగుళాలు, 4 అడుగులవి రెండు - 0.44
* అడ్డపట్టీలు: 4 × 2 అంగుళాలు, 20 అంగుళాలవి నాలుగు - 0.37

మొత్తం సుమారు 4.4. కోతలో, చిత్రికలో పోయేదానికి ఐదో వంతు కలిపితే 5.3 ఘనపుటడుగులు. ఈ లెక్క చేతిలో పెట్టుకుని మిల్లుకు వెళ్తే ఎవరూ మిమ్మల్ని పక్కదారి పట్టించలేరు. రేపు ఇంటివారికి అంచనా చెప్పేటప్పుడూ ఇదే లెక్క.

ఎత్తు మాత్రం మీ ఒంటికి తగ్గట్టు ఉండాలి. చెప్పులు వేసుకుని తిన్నగా నిలబడి చేతులు కిందికి వదిలేయండి. మణికట్టు ఎక్కడుందో దాదాపు అక్కడికి బల్ల పైభాగం రావాలి. పై కొలతలతో 33 అంగుళాలు వస్తుంది.

ముందు పదును

పనిముట్లు ఎక్కువ కొనకండి. ఒక చేతి రంపం, ఒక తోపడ, ముప్పావు అంగుళం ఉలి, అంగుళం ఉలి, కొయ్య సుత్తి, మూలమట్టం, మార్కింగ్ గేజ్, బరమా, టేపు, సానరాయి. ఇంతే. వీటిలో అన్నిటికన్నా విలువైనది సానరాయి! మొద్దుబారిన ఉలిని బలం పెట్టి నెడతారు, అది అదుపు తప్పుతుంది. దెబ్బలు తగిలేది అలాగే. అంచు వాలు 25 నుంచి 30 డిగ్రీలు ఉండేలా సాన పట్టండి. చెక్క కొసన అడ్డంగా కోస్తే నునుపుగా తెగాలి, నలిగిపోకూడదు. ఇది పుస్తకంలో చదివితే వచ్చేది కాదు. మీ ఊళ్లో మేస్త్రి దగ్గరికెళ్లి, ‘బాబాయ్, ఉలి సాన పట్టడం ఒక్కసారి చూపిస్తారా?’ అని అడగండి. మర్యాదగా అడిగితే కాదనేవారు తక్కువే.

పని ఇలా సాగాలి

1. ఒక్కో చెక్కకు ముందు ఒక ముఖం, దాని పక్క అంచు తిన్నగా చిత్రిక పట్టి మూలమట్టంతో చూసుకోండి. మిగతా కొలతలన్నీ ఆ రెండింటి నుంచే తీయాలి.

2. కాళ్లలో బెజ్జాలు తొలవండి. ఉలి వెడల్పు ఎంతో బెజ్జం వెడల్పు అంతే. లోతు రెండంగుళాలు. కాలి పైకొస నుంచి కనీసం అంగుళం వదలండి, లేదంటే చీలుతుంది.

3. పట్టీల కొసల్లో ఆ బెజ్జాలకు సరిపడా నాలుకలు కోయండి. ఐటీఐలో వీటినే మోర్టిస్, టెనాన్ అంటారు. గీతకు కాస్త బయట కోసి, ఉలితో సరిచేసుకోండి. చేత్తో నెడితే సగం దిగి, సుత్తితో తడితే మిగతాది దిగాలి.

4. బరమాతో కాలికి అడ్డంగా రంధ్రం వేయండి. నాలుకకు వేసే రంధ్రాన్ని మాత్రం దాని మొదలు వైపు ఒక మిల్లీమీటరు జరపండి. గట్టి కొయ్య చీల కొట్టగానే జాయింటు దానంతటదే దగ్గరికి లాక్కుంటుంది. క్లాంపులు లేనివారికి ఇదో వరం.

5. చీలలు కొట్టే ముందు చట్రం మూల నుంచి మూలకు రెండు వైపులా కొలవండి. రెండూ సమానమైతే చట్రం సరిగ్గా ఉన్నట్టు.

6. పై పలకలను అడ్డపట్టీల కింది నుంచి ఆరంగుళాల స్క్రూలతో బిగించండి. పలకల మధ్య సన్నని సందు వదలండి. వానాకాలం చెక్క ఉబ్బుతుంది కదా!

7. చివరగా పైభాగాన్ని చదును చేసి, ఒక కొసన చిన్న కొయ్య ఆనును దిగ్గొట్టండి. చిత్రిక పట్టేటప్పుడు చెక్క దానికి ఆనుకుంటుంది. వైస్ తర్వాత కొనుక్కోవచ్చు.

కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభలు చూసే ఉంటారు. ఎంత ఎత్తు లేచినా అవి నిలబడేది కట్టు బిగువు మీదే. మీ బల్లకూ అంతే. పూర్తయ్యాక రెండు చేతులతో ఊపి చూడండి. ఊగితే ఏ జాయింటు వదులో వెతికి సన్నని చెక్కముక్క దూర్చి సరిచేయండి.

దీంతో బతుకు తెరువు దొరుకుతుందా?

నిజం చెప్పుకోవాలి. ఒక్క చేతి పనిముట్లతో ఇవాళ సైటు మీద పని నడవదు. అక్కడ ప్లైవుడ్, లామినేట్, కటింగ్ మిషన్లు ఉంటాయి. కానీ మిషను నడిపేవారు చాలామందే ఉన్నా తలుపు పట్టేస్తే ఎందుకు పట్టేసిందో చెప్పి, తోపడతో రెండు పొరలు తీసి సరిచేయగలిగేవారు తక్కువ. ఆ తేడాయే మిమ్మల్ని హెల్పరు దగ్గర ఆపకుండా మేస్త్రిని చేస్తుంది. మిషన్లు తర్వాత నేర్చుకోండి, ఈ పునాది మాత్రం వదలొద్దు.

దారులు ఇవీ:

* ఐటీఐ: కార్పెంటర్ ట్రేడ్‌కు ఎనిమిదో తరగతి పాసైతే చాలు. ఏడాది కోర్సు. అమ్మాయిలూ చేరొచ్చు. దగ్గర్లోని ఏ ఐటీఐలో ఈ ట్రేడ్ ఉందో అడ్మిషన్లకు ముందే కనుక్కోండి.

* పీఎం విశ్వకర్మ: 2023 సెప్టెంబరు 17న మొదలైన ఈ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. 18 ఏళ్లు నిండి, ఇప్పటికే సొంతంగా ఈ పని చేస్తున్నవారికి వర్తిస్తుంది. కుటుంబంలో ఒక్కరికే. శిక్షణలో రోజుకు రూ.500 స్టైపెండ్, పనిముట్లకు రూ.15,000 ఈ-వోచర్, 5 శాతం వడ్డీతో మొదట రూ.లక్ష, అది తీర్చాక రూ.2 లక్షల వరకు రుణం ఉంటాయి. కామన్ సర్వీస్ సెంటర్లో నమోదు చేసుకోవాలి.

* పోటీలు: వరల్డ్ స్కిల్స్‌లో కార్పెంట్రీ, జాయినరీ, క్యాబినెట్ మేకింగ్ విడివిడి విభాగాలు. వయసు సాధారణంగా 22 దాటకూడదు. ఇండియా స్కిల్స్ పోటీల ద్వారా అక్కడికి వెళ్లొచ్చు.

* పైశిక్షణ: బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీలో ఆధునిక వడ్రంగ శిక్షణ కేంద్రం ఉంది.

ఎక్కడ చేరడానికి వెళ్లినా మీ బల్ల ఫొటోలు తీసుకెళ్లండి. పూర్తయ్యాక తీసినవే కాదు, బెజ్జం తొలిచినప్పటివి, చీల కొట్టినప్పటివి కూడా. పని తెలిసినవారు వాటిని చూసి నాలుగు ప్రశ్నలు వేస్తారు. జవాబులు మీ దగ్గర ఉంటాయి.