క్లింగాన్ల నుదురు ఎందుకు మారింది? సైన్స్ ఫిక్షన్ సీరియళ్ల లొసుగులపై ఆగని వాదన

అమెరికన్ టీవీ సీరియల్ ‘స్టార్ ట్రెక్’లో క్లింగాన్లు అనే గ్రహాంతర జాతి 1967లో మొదటిసారి తెరపైకి వచ్చింది. అప్పుడు వాళ్లకు మనుషుల్లాగే నున్నటి నుదురు ఉంది. 1979లో వచ్చిన స్టార్ ట్రెక్ సినిమాలో అదే జాతికి నుదుటి మీద ఎముకల గట్లు కనిపించాయి. మధ్యలో ఏం జరిగిందో ఎవరూ చెప్పలేదు.

అసలు కారణం ఒక్క ముక్కలో తేలిపోతుంది. టీవీ సీరియల్‌కు మేకప్ మీద పెట్టేంత డబ్బు లేదు, సినిమాకు ఉంది. ఈ సంగతి అభిమానులకు తెలియక కాదు. వాళ్లు అడిగింది వేరు: స్టూడియో లెక్కల సంగతి సరే, కథ లోపల జరిగిందేమిటి? దానికి సమాధానం రావడానికి 26 ఏళ్లు పట్టింది.

ఇలాంటి ప్రశ్నలు ‘స్టార్ ట్రెక్’కే పరిమితం కాదు. ‘డాక్టర్ హూ’ నుంచి ‘స్ట్రేంజర్ థింగ్స్’ వరకు పేరున్న ప్రతి సైన్స్ ఫిక్షన్ సీరియల్ చుట్టూ తప్పుల జాబితాలు, వాటికి సమర్థనలు, ఆ సమర్థనల మీద మళ్లీ వాదనలు ఉన్నాయి. చూసేవాళ్లకు ఇది పనిలేని పనిలా అనిపించవచ్చు. కానీ ఒక కథలో ఏది ‘నిజం’ అని నిర్ణయించే అధికారం ఎవరిదన్న ప్రశ్న ఈ వాదనల అడుగున ఉంది.

అన్నీ ఒకే రకం తప్పులు కావు

‘లాజిక్ లేదు’ అని తెలుగు ప్రేక్షకులు ఒక్క మాటతో తేల్చేసేదాన్ని ఈ అభిమానులు కనీసం మూడు రకాలుగా విడదీస్తారు.

మొదటిది కంటిన్యుటీ తప్పు. ముందు చెప్పినదానికి, తర్వాత చూపినదానికి పొంతన ఉండదు. 1966 నాటి ‘వేర్ నో మ్యాన్ హాజ్ గాన్ బిఫోర్’ ఎపిసోడ్‌లో కెప్టెన్ కిర్క్ పేరుతో ఉన్న సమాధి రాయి మీద ‘జేమ్స్ ఆర్. కిర్క్’ అని ఉంటుంది. ఆ తర్వాత ఆయన ఎప్పుడూ జేమ్స్ టీ. కిర్కే.

రెండోది ప్లాట్ హోల్, అంటే కథ నడకలోనే ఉన్న లొసుగు. 1966లోనే వచ్చిన ‘ది ఎనిమీ వితిన్’లో మనుషులను ఒకచోటు నుంచి మరోచోటుకి పంపే ట్రాన్స్‌పోర్టర్ యంత్రం చెడిపోతుంది. కొందరు సిబ్బంది కింద గ్రహం మీద చలికి గడ్డకట్టుకుపోతుంటారు. నౌకలో ఉన్న చిన్న షటిల్‌ను పంపి వాళ్లను తీసుకురావచ్చు కదా? ఆ మాట ఎవరూ ఎత్తరు. కారణం, ఆ ఎపిసోడ్ తీసేనాటికి సీరియల్ కోసం షటిల్ నమూనా ఇంకా తయారే కాలేదు. తర్వాతి ఎపిసోడ్లలో షటిల్ కనిపించగానే పాత కథలో లొసుగు పుట్టింది. రాసిన రోజున అది లొసుగు కాదు.

మూడోది రెట్‌కాన్. కొత్త కథ కోసం పాత కథలోని వాస్తవాన్నే వెనక్కి వెళ్లి మార్చేయడం. ఇది పొరపాటున జరిగేది కాదు, తెలిసి తీసుకునే నిర్ణయం. ఎక్కువ గొడవ జరిగేది కూడా దీని మీదే.

ఒక పాత్ర తెలివితక్కువ నిర్ణయం తీసుకుంటే అది ప్లాట్ హోల్ కాదు. మనుషులు అలాంటివి చేస్తూనే ఉంటారు. ఈ తేడా మరిచిపోవడం వల్లే చాలా వాదనలు ఎటూ తేలవు.

నుదుటి మీద 26 ఏళ్ల చర్చ

క్లింగాన్ల విషయంలో అభిమానులు తలా ఒక సిద్ధాంతం అల్లారు. వాళ్లలో రెండు జాతులు ఉన్నాయన్నది అందులో ఒకటి. మేకప్‌ను పట్టించుకోనక్కర్లేదని, వాళ్లకు మొదటి నుంచీ గట్లు ఉన్నట్టే ఊహించుకోవాలని వాదించినవాళ్లూ ఉన్నారు.

1994లో ‘డీప్ స్పేస్ నైన్’ సీరియల్ రెండు జాతుల వాదానికి గండి కొట్టింది. 1960ల నాటి కోర్, కాంగ్, కొలోత్ అనే ముగ్గురు క్లింగాన్లను అప్పటి నటులతోనే ‘బ్లడ్ ఓత్’ ఎపిసోడ్‌లో మళ్లీ తెర మీదకు తెచ్చింది. ఈసారి ముగ్గురి నుదుటి మీదా గట్లు ఉన్నాయి. వాళ్లు వేరే జాతి అయితే ఇవి ఎక్కడి నుంచి వచ్చినట్టు?

రెండేళ్ల తర్వాత, స్టార్ ట్రెక్ 30 ఏళ్ల సందర్భంగా తీసిన ఎపిసోడ్ మరో మలుపు. అందులో డీప్ స్పేస్ నైన్ పాత్రలు కాలంలో వెనక్కి, 1960ల నాటి ఒక పాత ఎపిసోడ్‌లోకి వెళతాయి. అక్కడి నున్నటి నుదుళ్లను చూసి ఆశ్చర్యపోయిన సహచరులు, తమలో ఉన్న క్లింగాన్ అధికారి వోర్ఫ్‌ను అదేమిటని అడుగుతారు. ఆ విషయం తాము బయటివాళ్లతో మాట్లాడమని ఆయన ముక్తసరిగా తేల్చేస్తాడు. దీంతో ‘మొదటి నుంచీ గట్లు ఉన్నట్టే’ అనే వాదమూ కూలింది. తేడా ఉందని కథే ఒప్పుకుంది. కారణం మాత్రం చెప్పలేదు.

2005 ఫిబ్రవరిలో ‘ఎంటర్‌ప్రైజ్’ సీరియల్ రెండు ఎపిసోడ్లలో ఆ కారణం చెప్పింది. జన్యుమార్పిడి చేసిన మనుషుల జన్యువులతో క్లింగాన్ శాస్త్రవేత్తలు ప్రయోగాలు చేస్తారు. అది వికటించి ఒక వైరస్ పుడుతుంది. దాని బారిన పడ్డవాళ్ల నుదుటి గట్లు పోతాయి. రద్దు ఖరారైన సీరియల్ ఇలా పాత బాకీ ఒకటి తీర్చింది. కొందరు అభిమానులు సంతోషించారు. మరికొందరికి మాత్రం వోర్ఫ్ చెప్పకుండా దాటేయడమే ఇంతకంటే బాగుంది.

అక్కడితోనూ ముగియలేదు. 2017లో ‘డిస్కవరీ’ సీరియల్ క్లింగాన్ల రూపాన్ని మళ్లీ పూర్తిగా మార్చి, అందరికీ బోడిగుండ్లు పెట్టింది. 2019లో రెండో సీజన్‌లో జుట్టు తిరిగొచ్చింది. యుద్ధ సమయంలో గుండు గీయించుకుంటారని వివరణ వచ్చింది.

లొసుగులు ఎందుకు పుడతాయి?

చాలా లొసుగులకు మూలం రచయిత అజ్ఞానం కాదు, పని జరిగే తీరు. 1966లో ‘స్టార్ ట్రెక్’ మొదటి సీజన్‌కే 29 ఎపిసోడ్లు తీశారు. వాటిని వేర్వేరు రచయితలు ఒకే సమయంలో రాస్తుంటారు. ఒకరు రాసింది మరొకరు చూసేలోపే షూటింగ్ అయిపోతుంది.

నటుల లభ్యత ఇంకో కారణం. 1992లో ‘ది నెక్స్ట్ జనరేషన్’లోని ‘రెలిక్స్’ ఎపిసోడ్‌లో పాత ఇంజినీరు స్కాటీ 75 ఏళ్ల తర్వాత ట్రాన్స్‌పోర్టర్ నుంచి బయటపడతాడు. తనను కాపాడటానికి కిర్కే వచ్చి ఉంటాడనుకుంటాడు. కానీ 1994 నాటి ‘జనరేషన్స్’ సినిమాలో, అంతకు చాలా ముందే కిర్క్ చనిపోయాడని అందరూ నమ్మిన ఘటన జరిగినప్పుడు స్కాటీ అక్కడే ఉన్నాడు. మరి బతికి ఉన్నాడని ఎలా అనుకున్నాడు? 

ఆ ఎపిసోడ్ రాసింది రొనాల్డ్ డి. మూర్. ఆ సినిమా రాసిన ఇద్దరిలోనూ ఆయన ఒకరు. అంటే ఒకరు రాసింది మరొకరికి తెలియకపోవడం ఇక్కడ కారణం కాదు. సినిమాలో ఆ సన్నివేశాలను స్పాక్, మెకాయ్ పాత్రల కోసం అనుకున్నారు. ఆ నటులు ఒప్పుకోకపోవడంతో స్కాటీ, చెకోవ్‌లకు ఇచ్చారు. తెలిసే పొంతనను వదులుకున్నారు. 75 ఏళ్లు యంత్రంలో ఉండి వచ్చినవాడికి జ్ఞాపకం తడబడిందని అభిమానులు సర్దిచెప్పుకున్నారు.

ఆ మూర్ కూడా ఒకప్పుడు అభిమానే. బయటివాళ్లు పంపే స్క్రిప్టులను కూడా ‘ది నెక్స్ట్ జనరేషన్’ బృందం చదివేది. అలా చేరిన స్క్రిప్టుతోనే 1989లో ఆయన రచయితగా అడుగుపెట్టాడు.

కాలం గడవడమే మరో చిక్కు. 1967 నాటి ‘స్పేస్ సీడ్’ ఎపిసోడ్ ప్రకారం 1990ల్లో భూమి మీద ‘యూజెనిక్స్ యుద్ధాలు’ జరిగాయి. జన్యుమార్పిడి చేసిన ఖాన్ అనే నియంత ప్రపంచంలో పావు వంతుకు పైగా పాలించాడు. రాసినప్పుడు 1990లు దూర భవిష్యత్తు. ఆ దశాబ్దం వచ్చి వెళ్లిపోయింది, యుద్ధమేమీ జరగలేదు. 2023లో ‘స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్’ ఖాన్‌ను 21వ శతాబ్దపు టొరంటోలో పిల్లవాడిగా చూపింది. కాలయాత్రికుల జోక్యం వల్ల ఆ ఘటనలు వెనక్కి జరిగాయని వివరణ ఇచ్చింది.

బ్రిగేడియర్ రిటైరైంది ఎప్పుడు?

బ్రిటన్‌లో ఇలాంటి వాదనకు పెట్టింది పేరు 1963లో బీబీసీలో మొదలైన ‘డాక్టర్ హూ’. గ్రహాంతర దాడుల నుంచి భూమిని కాపాడే ‘యూనిట్’ అనే సైనిక దళం అందులో ఉంది. దాని అధిపతి బ్రిగేడియర్ లెత్‌బ్రిడ్జ్-స్టువర్ట్. ఈ కథలు ఏ సంవత్సరంలో జరిగాయన్నది నేటికీ తేలని లెక్క.

1975 నాటి ‘పిరమిడ్స్ ఆఫ్ మార్స్’లో డాక్టర్ సహచరి శారా జేన్ తాను 1980 నుంచి వచ్చానంటుంది. ఆమె యూనిట్‌తో కలిసి పనిచేసిన మనిషే కాబట్టి ఆ కథలు 1980 ప్రాంతానివి కావాలి. కానీ 1983 నాటి ‘మాడ్రిన్ అన్‌డెడ్’లో బ్రిగేడియర్ 1976లోనే రిటైరై, 1977 నాటికి ఒక స్కూల్లో లెక్కలు చెబుతుంటాడు. రెండూ నిజం కాలేవు.

స్కూలు మాస్టారి పాత్రను మొదట అనుకున్నది బ్రిగేడియర్ కోసం కాదు. తొలి రోజుల్లో డాక్టర్‌తో ప్రయాణించిన ఉపాధ్యాయుడు ఇయాన్ చెస్టర్టన్‌ను వెనక్కి తేవాలన్నది ఆలోచన. ఆ నటుడు దొరకకపోవడంతో ఆ స్థానంలోకి చివరికి బ్రిగేడియర్ వచ్చాడు, లెక్క తప్పింది.

ఆ రోజుల్లో పాత ఎపిసోడ్లను మళ్లీ చూడటం రచయితలకే కష్టం. టేపులు మళ్లీ వాడుకోవడానికి, చోటు కోసం బీబీసీ 1960ల నాటి ఎపిసోడ్లను పెద్ద సంఖ్యలో చెరిపేసింది. ఒకసారి ప్రసారమైంది మళ్లీ ఎవరూ పక్కపక్కన పెట్టి పోల్చరన్నది అప్పటి నమ్మకం. వీసీఆర్, డీవీడీ, ఇప్పుడు ఓటీటీ ఆ నమ్మకాన్ని తుడిచిపెట్టాయి.

ఈ తేదీల గొడవను సరిచేసే ప్రయత్నం ‘డాక్టర్ హూ’ రచయితలు చేయలేదు. దాన్నే హాస్యంగా మలుచుకున్నారు. 50 ఏళ్ల సందర్భంగా 2013లో వచ్చిన ఎపిసోడ్‌లో, బ్రిగేడియర్ కూతురు ఒక పాత ఫైలు తెమ్మని చెబుతూ, అది డెబ్బైల్లోదో ఎనభైల్లోదో వాడే తేదీ విధానాన్ని బట్టి ఉంటుందంటుంది. తెలియనివాళ్లకు అది మామూలు మాట. తెలిసినవాళ్లకు 30 ఏళ్ల వాదనకు దక్కిన గుర్తింపు.

‘కానన్’ ఎవరి సొత్తు?

ఈ ఆట టీవీతో మొదలైంది కాదు. ఆర్థర్ కోనన్ డాయిల్ 1887లో రాసిన మొదటి షెర్లాక్ హోమ్స్ నవలలో డాక్టర్ వాట్సన్‌కు భుజంలో తూటా దిగుతుంది. రెండో నవలకు వచ్చేసరికి గాయం కాలికి మారిపోతుంది. 1911లో రొనాల్డ్ నాక్స్ ఇలాంటి పొంతనలేని విషయాలను మతగ్రంథ పండితుల ధోరణిలో పరిశీలిస్తూ ఒక వ్యంగ్య వ్యాసం రాశాడు. మూల గ్రంథాలను ‘కానన్’ అనే అలవాటు హోమ్స్ అభిమానుల నుంచే తర్వాతి తరాలకు అందింది.

వ్యాస భారతంలో లేని శశిరేఖ ‘మాయాబజార్’లో ఉండవచ్చా అని తెలుగువాళ్లు కోర్టుకెక్కలేదు. ఆ కథ ఎవరి సొంత ఆస్తీ కాదు కాబట్టి ఎవరి రూపం వాళ్లది. ‘స్టార్ ట్రెక్’, ‘స్టార్ వార్స్’ అలా కాదు. వాటికి యజమానులు ఉన్నారు. 2012లో లూకాస్‌ఫిల్మ్‌ను డిస్నీ కొన్నది. 2014 ఏప్రిల్‌లో, దశాబ్దాలుగా వచ్చిన స్టార్ వార్స్ నవలలు, కామిక్స్‌లో అత్యధిక భాగాన్ని ‘లెజెండ్స్’ అనే పేరు కిందికి తోసేసింది. అవి ఇక అధికారిక కథలో భాగం కావు. వాటిని కొని చదివి, పాత్రలతో పాటు పెరిగిన పాఠకులకు ఒక్క ప్రకటనతో ఆ కథలు ‘జరగనివి’ అయిపోయాయి.

కంపెనీలు కూడా అభిమానుల శ్రమ మీద ఆధారపడ్డాయి. ‘స్టార్ ట్రెక్’ను రద్దు కాకుండా కాపాడిన ఉత్తరాల ఉద్యమంలో ముందున్న బ్జో ట్రింబుల్ 1969లోనే ఆ సీరియల్‌కు ఒక పదసూచిక వెలువరించారు. 1993లో సీరియల్ సిబ్బందిలోని మైకేల్ ఒకుడా, డెనిస్ ఒకుడా కలిసి అధికారిక కాలక్రమాన్ని పుస్తకంగా తెచ్చారు. ఏ సంవత్సరంలో ఏం జరిగిందో రచయితలు చూసుకోవడానికి కూడా అది పనికొచ్చింది.

తప్పును ఆధారం అనుకుంటే

అభిమానుల పరిశీలన ప్రతిసారీ గురి తప్పకుండా ఉండదు. 2022లో ‘స్ట్రేంజర్ థింగ్స్’ నాలుగో సీజన్‌లో ఒక రోజంతా గడిచిపోతుంది. తేదీ మార్చి 22. రెండో సీజన్ ప్రకారం అది విల్ పుట్టినరోజు. తల్లి, స్నేహితులు ఎవరూ ఆ మాటే ఎత్తరు. ఇది కావాలనే పెట్టిన సూచన అని, ముందు ముందు దీని వెనుక రహస్యం బయటపడుతుందని చాలామంది సిద్ధాంతాలు అల్లారు. తీరా సీరియల్ సృష్టికర్తలైన డఫర్ సోదరులు అసలు సంగతి చెప్పారు: మరిచిపోయాం. పాత ఎపిసోడ్‌లో నెల పేరు మార్చేద్దామా అని కూడా ఆలోచించినట్టు వెల్లడించారు.

ఓటీటీ కాలంలో ఇది సాధ్యమే. ఒకప్పుడు ప్రసారమైపోయిన తప్పు అలాగే ఉండిపోయేది. ఇప్పుడు సర్వర్‌లో ఫైలు మార్చేస్తే, తప్పు జరిగిందనడానికి ఆధారమే మిగలదు. పాత టేపులు చెరిపేయడం ఎంత నష్టమో చూసిన అభిమానులకు ఈ సౌకర్యం అంత సంతోషం కలిగించదు.

వివరణ దాచేది ఏమిటి?

రెట్‌కాన్ అతుకు వేసేటప్పుడు ఒక్కోసారి మనుషులను నలిపేస్తుంది. మూర్ తర్వాత నడిపించిన ‘బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా’లో మనిషికి, సైలాన్ అనే యంత్రజాతికి పుట్టిన ఒకే ఒక్క బిడ్డ చుట్టూ కథ తిరుగుతుంది. 2007లో చీఫ్ టైరల్ అనే పాత్ర కూడా సైలానే అని బయటపెట్టారు. అప్పటికే అతనికి మనిషి అయిన భార్య కాలీ వల్ల ఒక కొడుకున్నాడు. అంటే అలాంటి బిడ్డలు ఇద్దరయ్యారు. 2009లో ఆ పిల్లవాడి తండ్రి వేరే వ్యక్తి అని తేల్చి లెక్క సరిచేశారు. అప్పటికే కాలీ పాత్ర చనిపోయింది. తన తరఫున ఒక మాట చెప్పుకునే వీలు కూడా ఆమెకు లేకపోయింది. లొసుగు పూడింది కానీ, దాని మూల్యం ఆ పాత్ర చెల్లించింది.

క్లింగాన్ల విషయంలోనూ వైరస్ కథ ఒక ప్రశ్నకే జవాబిచ్చింది. గట్లు ఎందుకు లేవో చెప్పింది. 1967లో ఆ శత్రుజాతి పాత్రలు వేసిన తెల్ల నటుల ముఖాలకు ముదురు గోధుమ రంగు పూసి, చెంగిజ్ ఖాన్‌ను తలపించే మీసాలు ఎందుకు పెట్టారన్నది మాత్రం ఏ వైరస్ వల్లా తేలదు. దానికి జవాబు కథలో దొరకదు. ప్రచ్ఛన్న యుద్ధ కాలపు అమెరికా ‘శత్రువు’ అనగానే ఎవరి ముఖాన్ని ఊహించుకుందో చూస్తే దొరుకుతుంది.

కాబట్టి లొసుగు కనిపించినప్పుడు అడగాల్సిన ప్రశ్నలు రెండు. కథ లోపల దీన్ని ఎలా సర్దుకోవచ్చు అన్నది మొదటిది. బయట, దీన్ని తీసినవాళ్ల మధ్య ఏం జరిగింది అన్నది రెండోది. మొదటి ప్రశ్న ఆటకు సంబంధించింది, అందులో సరదా ఉంది. రెండోది చరిత్రకు సంబంధించింది. బడ్జెట్లు, నటుల తిరస్కారాలు, చెరిగిన టేపులు, కంపెనీ నిర్ణయాలు, ఆనాటి దురభిప్రాయాలు అన్నీ అందులోకి వస్తాయి. మొదటిదానికి వచ్చిన చక్కటి జవాబు చూసి రెండోది అడగడం మానేస్తే, నుదుటి గట్ల లెక్క తేలుతుంది కానీ ముఖానికి పూసిన రంగు మాత్రం అలాగే ఉండిపోతుంది.