ఐదు సెంటీమీటర్ల సిపాయికి ఫొటో సెషన్!

వారమంతా కీబోర్డు టకటకలే. శనివారం వచ్చిందంటే మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ఫ్లాట్లలో ఎవరి లోకం వాళ్లది. ఒకరు సైకిలెక్కి దుర్గం చెరువు వైపు వెళితే, మరొకరు గిటార్ అందుకుంటారు. ఇంకొందరుంటారు... టేబుల్ లైటు కింద మెడ వంచి, ట్రిపుల్ జీరో బ్రష్షు పట్టుకుని, వేలెడంత సైనికుడికి మీసాలు దిద్దుతుంటారు. వారాల తరబడి కూర్చుంటే ఒక్క సిపాయి తయారవుతాడు. తలపాగా మడతలు, బెల్టు బకిల్, గుర్రం జీను... అన్నీ ముద్దొస్తుంటాయి. మురిసిపోయి సెల్‌ఫోన్ తీసి క్లిక్‌మనిపిస్తే మాత్రం ముక్కు మీద తెల్లటి మెరుపు, కాళ్లు మసక, ఖాకీ కాస్తా పసుపు! ఆ రంగులు వేసింది ఈ చెయ్యేనా అని అనుమానం వచ్చేస్తుంది.

నిజానికి తప్పు చేతిది కాదు. చిన్న వస్తువును ఫొటో తీయడం పెద్ద విద్య.

లెక్క చూడండి. బొమ్మ సైనికుల్లో బాగా పేరున్న సైజు 54 మిల్లీమీటర్లు. అంటే నిజం మనిషిలో దాదాపు 32వ వంతు. ఆ లెక్కన తల 7 మిల్లీమీటర్లు, కన్ను ఒక్క మిల్లీమీటరు! చేతిలో పట్టుకుని చూడ్డానికి వేసిన రంగు అది. అదే బొమ్మ కంప్యూటర్ తెర మీద 27 సెంటీమీటర్ల ఎత్తున కనిపిస్తే ఐదు రెట్లు పెరిగినట్టు. బ్రష్షు తడబడిన చోటు, అంటుకుపోయిన దుమ్ము కణం, ఊడిన వెంట్రుక... అన్నీ ఐదు రెట్లే. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఫొటోను రెండో అద్దంలా వాడుకుంటారు. రంగు ఆరాక ఒక ఫొటో తీసి, తెర మీద తప్పులు వెతికి, మళ్లీ బ్రష్షు పడతారు.

ఈ సరదా కొత్తదేం కాదు. లండన్‌లో విలియం బ్రిటన్ కంపెనీ 1893లో లోపల బోలుగా ఉండే సీసం సైనికుల్ని పోతపోయడం మొదలుపెట్టింది. సీసం తక్కువ పట్టడంతో ధర దిగింది, పిల్లల పెట్టెల్లోకి పటాలాలకు పటాలాలే దిగాయి. భారతీయ అశ్విక దళాలూ వాటిలో ఉండేవి. సీసం ఆరోగ్యానికి మంచిది కాదని తెలిశాక 1966లో ఆ కంపెనీ సీసం బొమ్మలు ఆపేసింది. ఇప్పుడు రెజిన్, ప్లాస్టిక్, వైట్ మెటల్ వచ్చాయి. మన హైదరాబాద్‌కూ ఈ సైన్యంతో పరిచయం ఉంది. మూడో సాలార్‌జంగ్ సేకరణలతో వెలసిన మ్యూజియంలో, పిల్లల విభాగంలో బొమ్మ సైనికులు బారులు తీరి కనిపిస్తారు. అంతెందుకు, సంక్రాంతి బొమ్మల కొలువులో దేవుళ్ల పక్కన బ్యాండు మేళం, తుపాకీ పట్టిన జవాను కనిపించని ఇల్లెన్ని?

అయితే కొలువు ఫొటోలన్నీ ఒకేలా ఎందుకుంటాయో ఎప్పుడైనా గమనించారా? నిలబడి, పైనుంచి, ఫ్లాష్ వేసి తీస్తాం కాబట్టి!

వంగితేనే వీరుడు

పైనుంచి చూస్తే ఎంత గొప్ప సిపాయైనా బొమ్మే. కెమెరా అతని ఛాతీ ఎత్తుకు, అంటే టేబుల్‌కు మూడు నాలుగు సెంటీమీటర్ల పైకి దిగాలి. అప్పుడు అతను మనల్ని సూటిగా చూస్తాడు, వెనకున్నది ఆకాశమవుతుంది. ఫోన్‌తో తీసేవాళ్లు దాన్ని తలకిందులు చేసి, లెన్స్ టేబుల్‌కు తగిలేలా పెడితే సరి. కానీ మరీ దగ్గరికి వెళ్లకూడదు. ఫోన్లో ఉండే వైడ్ లెన్స్ దగ్గరున్నదాన్ని పెద్దది చేస్తుంది. ముక్కు వంకాయవుతుంది, బూట్లు చిక్కిపోతాయి. కాస్త దూరం జరిగి, రెండు రెట్ల జూమ్ వాడటం మేలు.

చిన్నదాన్ని పెద్దగా చూపించే ఈ మాయ తెలుగువాళ్లకు ఏనాడో తెలుసు. 1957 నాటి ‘మాయాబజార్’లో ద్వారకా నగరం గుర్తుందా? 50 అడుగులకు 60 అడుగుల జాగాలో మూడొందల చిట్టి ఇళ్లు కట్టి సృష్టించిన నగరం అది! ఒక్కో ఇల్లు ఒక్కో తీరు. గోఖలే, కళాధర్‌ల కళ, మార్కస్ బార్‌ట్లే కెమెరా కలిసి దాన్ని మహానగరం చేసేశాయి. కంప్యూటర్ గ్రాఫిక్స్ ఊసే లేని రోజులవి.

మసకలోనూ ఓ కిటుకుంది. కెమెరా వస్తువుకు దగ్గరయ్యేకొద్దీ ఫోకస్‌లో ఉండే మందం తగ్గిపోతుంది. లెన్స్ పూర్తిగా తెరిస్తే మీసం స్పష్టంగా ఉంటుంది, చెవి మసకబారుతుంది. మన కంటికి ఇది అలవాటై, వెనకాముందూ మసగ్గా ఉన్న ప్రతిదాన్నీ ‘చిన్నది’ అనుకుంటుంది. పై అంతస్తు నుంచి తీసిన సైబర్ టవర్స్ ఫొటోకు పైనా కిందా మసక చేర్చి చూడండి, ఆ భవనమూ, రోడ్డు మీది బస్సులూ ఆటవస్తువులైపోతాయి! మనకు కావాల్సింది సరిగ్గా ఉల్టా. సిపాయి నిలువెత్తు మనిషిలా కనిపించాలంటే కొరడా చివరి నుంచి గుర్రం తోక దాకా స్పష్టంగా ఉండాలి. అందుకే లెన్స్ ద్వారాన్ని ఎఫ్ 11 దాకా బిగిస్తారు. 16 దాటిస్తే మాత్రం కాంతి చెదిరి మొత్తం ఫొటోయే మెత్తబడుతుంది. అదీ చాలకపోతే ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుతూ పది పదిహేను ఫొటోలు తీసి, హెలికాన్ ఫోకస్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో ఒక్కటిగా కలుపుతారు. ఈ పనికి ట్రైపాడ్, రెండు సెకన్ల టైమర్ తప్పనిసరి. సీలింగ్ ఫ్యాను ఆపడం కూడా! మే నెల హైదరాబాద్‌లో అన్నిటికన్నా కష్టమైన నియమం బహుశా ఇదే.

నేలకు మాత్రం ఖర్చు లేదు. కొత్త భవనం కడుతున్న ప్రతిచోటా రోబో శాండ్ దొరుకుతుంది. అయితే జల్లించకుండా వాడితే నవ్వులపాలవుతాం. మిల్లీమీటరు రేణువు ఈ సైజు సిపాయి పక్కన మూడు సెంటీమీటర్ల కంకర రాయితో సమానం. టీ వడకట్టే జాలిలోంచి దిగిన పొడే సరైన మట్టి.

నీడ మీద నీడ

ఫ్లాష్ ఎందుకొద్దంటే దానికో కారణముంది. ఇంత చిన్న బొమ్మ మీద మామూలు వెలుగులో నీడలు సరిగా ఏర్పడవు. అందుకే చేయి తిరిగినవాళ్లు నీడల్నీ రంగుతోనే వేస్తారు. మడత లోపల ముదురు, అంచు మీద లేత. కాంతి తల మీద నుంచి పడుతున్నట్టు ముందే గీసేసిన బొమ్మ అది. దానికి పక్కనుంచి గట్టి లైటు కొడితే వేసిన నీడ ఒకవైపు, పడిన నీడ ఇంకోవైపు! వారాల శ్రమ ఒక్క మెరుపుతో గల్లంతు. కిటికీకి బటర్ పేపర్ అడ్డం పెట్టి, ఎదురుగా తెల్ల థర్మోకోల్ షీటు నిలబెడితే స్టూడియోకు ఏమాత్రం తీసిపోదు. గదిలో దీపాలు ఆర్పేయాలి. హైటెక్ సిటీలో ఇంకో చిక్కుంది. కిటికీకి ఎదురుగా అద్దాల భవనం ఉంటే దాని మీద నుంచి వచ్చే వెలుగులో నీలమో ఆకుపచ్చో కలిసిపోతుంది. ఆ రంగు నేరుగా ఖాకీ మీదే పడుతుంది.

ఖాకీకి అంత పట్టింపు ఎందుకంటారా? దాని వెనక మనూరి కథే ఉంది.

నిజాం రాజ్యంలో బొల్లారం కేంద్రంగా ఉన్న హైదరాబాద్ కంటింజెంట్ అశ్విక దళం నుంచి పుట్టింది 20వ దక్కన్ హార్స్. 1916 జులై 14న ఫ్రాన్స్‌లో, సోమ్ యుద్ధంలో, మెషిన్‌గన్లున్న కాలంలో ఈ రౌతులు బల్లేలు పట్టి హైవుడ్ అనే అడవి దగ్గర దాడికి దూకారు. ఆ రోజు కార్నోయ్ లోయలో గుర్రాలతో సిద్ధంగా ఉన్న దక్కన్ హార్స్ ఫొటో లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉంది. తలపాగాలు, బల్లేలు, గుర్రాలు... అన్నీ కనిపిస్తాయి. రంగు తప్ప! అది నలుపు తెలుపు ఫొటో మరి. ఢిల్లీలో తీన్‌మూర్తి కూడలికి ఆ పేరు తెచ్చిన మూడు విగ్రహాలు హైదరాబాద్, మైసూర్, జోధ్‌పూర్ లాన్సర్లవి. అవి కంచువి. వాటికీ రంగు లేదు.

కాబట్టి దక్కన్ రౌతును బొమ్మగా వేయాలంటే మిగిలిన యూనిఫాంలు, పాత చిత్రాలు, నియమావళులు తిరగేయాలి. ఖాకీ అంటే ఉర్దూలో మట్టి రంగు. మట్టి మాత్రం ఎక్కడైనా ఒకే రంగులో ఉంటుందా? బట్టను బట్టి, ఉతుకును బట్టి, ఎండను బట్టి ఎన్నో ఛాయలు. ఇంత వెతికి ఓ ఛాయ తేల్చుకున్నాక, ఆ బొమ్మను పసుపు బల్బు కింద ఫొటో తీసి, మరింత మెరవాలని రంగుల మీటర్ పైకి తోస్తే ఏమవుతుంది? ఇంకో ఊళ్లో ఇంకొకరు ఆ ఫొటో చూసి తమ రౌతుకు అదే పసుపు పూస్తారు. ఆ ఫొటో చూసి మూడోవారు. అచ్చయిన తప్పు కన్నా అందంగా ఉన్న తప్పు వేగంగా పాకుతుంది.

అందుకే తెలిసినవాళ్లు ముందు ‘లెక్క ఫొటోలు’ తీస్తారు. బూడిద రంగు డ్రాయింగ్ షీటు మీద ముందు, వెనక, రెండు పక్కలా ఒక్కొక్కటి. తెల్ల షీటైతే కెమెరా వెలుగు ఎక్కువనుకుని సిపాయిని నల్లగా చేస్తుంది, నల్ల షీటైతే పాలిపోయేలా చేస్తుంది. ఒక ఫొటోలోనైనా పక్కన స్కేలు, గ్రే కార్డు ఉండాలి. ఏ డబ్బాలోని ఏ రంగు ఎక్కడ వాడారో, ఆ రంగుకు ఆధారమేమిటో, ఊహించింది ఎంతో ఫొటో కిందే రాయాలి. ఇది పావుగంట పని.

ఆ తర్వాత రోబో శాండ్ పరచి, వెనక ఆకాశం అతికించి, టేబుల్ అంచుకు గడ్డం ఆనించి ఎన్ని ఫొటోలైనా తీసుకోవచ్చు. ఫ్యాను మాత్రం వేయకూడదు!