హ్యారీ పాటర్ ఎవరి సినిమా? బ్రిటిష్ సినిమా వర్సెస్ హాలీవుడ్, అసలు లెక్కలు

మనకి ఇంగ్లీష్ సినిమా అంటే హాలీవుడ్ సినిమానే. జేమ్స్ బాండ్ హాలీవుడ్, హ్యారీ పాటర్ హాలీవుడ్, ఆఖరికి మిస్టర్ బీన్‌ని కూడా ఆ ఖాతాలోనే వేసేస్తాం. లండన్ వాడు వింటే ఫీలవుతాడు. అతను ఫీలవడంలో ఎంత న్యాయం ఉందో ఇవాళ లెక్కలేసి చూద్దాం.

ఒకే సంవత్సరం, 1997లో వచ్చిన రెండు సినిమాలు తీసుకుందాం. ఒకటి టైటానిక్. దాని గురించి నేను చెప్పక్కర్లేదు, బడ్జెట్ 20 కోట్ల డాలర్లు. రెండోది ది ఫుల్ మాంటీ. ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ అని స్టీలుకి పేరుపడ్డ ఊరు. ఫ్యాక్టరీలు మూతపడి ఉద్యోగాలు పోయిన కొందరు మగాళ్ళు, డబ్బుల కోసం స్టేజీ మీద బట్టలు విప్పే షో వేద్దామనుకుంటారు. అంతే కథ. బడ్జెట్ 35 లక్షల డాలర్లు. ఒక్క టైటానిక్ డబ్బుతో ఇలాంటివి 57 తీయొచ్చు!

ఇప్పుడు కలెక్షన్లు. టైటానిక్ మొదటి రిలీజ్‌లోనే 180 కోట్ల డాలర్లు దాటింది, అంటే పెట్టినదానికి 9 రెట్లు. ఫుల్ మాంటీ 25 కోట్ల డాలర్లు దాటింది, అంటే 70 రెట్ల పైనే. బ్రిటన్‌లో అయితే టైటానిక్ వచ్చి కొట్టేవరకు ఆల్‌టైమ్ నంబర్ వన్ అదే.

ఆగండి, అప్పుడే చప్పట్లు కొట్టొద్దు. ఈ కలెక్షన్ అంతా నిర్మాత జేబులోకి రాదు. దాదాపు సగం థియేటర్లకే పోతుంది, ఆపైన పబ్లిసిటీ ఖర్చు. ఇంకోటి, ఇలాంటిది ఒకటి ఆడితే మనం పేరు కూడా వినని చిన్న బ్రిటిష్ సినిమాలు ఎన్నో చప్పుడు లేకుండా పోతాయి. హిట్లు మాత్రమే ఏరి చూపించి తక్కువ బడ్జెట్టే బెస్ట్ అంటే అది మోసం.

అసలు ట్విస్ట్ ఏంటంటే, ఆ 35 లక్షలు పెట్టింది ఫాక్స్ సెర్చ్‌లైట్. అమెరికన్ కంపెనీ. కథ షెఫీల్డ్‌ది, నటులు, డైరెక్టర్ బ్రిటిష్ వాళ్ళు, లాభం మాత్రం అట్లాంటిక్ దాటి వెళ్ళిపోయింది. మన ఐటీ వాళ్ళకి ఇది ఈజీగా అర్థమవుతుంది. సర్వీస్ కంపెనీలో కూర్చుని అమెరికా క్లయింట్‌కి ప్రాజెక్ట్ చేస్తాం. కోడ్ రాసింది మనమే, రాత్రుళ్ళు మేలుకున్నది మనమే. జీతం మనది, ప్రోడక్ట్ క్లయింట్‌ది.

హ్యారీ పాటర్ కూడా అంతే. రచయిత్రి, నటులు, షూటింగ్ జరిగిన లీవ్స్‌డెన్ స్టూడియో అన్నీ బ్రిటన్‌వే. డబ్బు వార్నర్ బ్రదర్స్‌ది. 8 సినిమాలు కలిపి 700 కోట్ల డాలర్లకు పైనే తెచ్చాయి. ఆ సంపాదనకి అసలు ఓనర్ ఎవరో వేరే చెప్పాలా? బాండ్‌కైనా లండన్‌లో నిర్మాతల కుటుంబం ఉండేది, 2025లో క్రియేటివ్ కంట్రోల్ అమెజాన్ ఎంజీఎంకి వెళ్ళిపోయింది.

మరి సొంత డబ్బు పెట్టుకోవచ్చుగా అంటారా? పెట్టి చూశారు. గోల్డ్‌క్రెస్ట్ అనే బ్రిటిష్ కంపెనీ 1980ల మొదట్లో చారియట్స్ ఆఫ్ ఫైర్, గాంధీ లాంటి సినిమాల వెనక ఉంది. గాంధీ 2 కోట్ల 20 లక్షల డాలర్ల సినిమా, అందులో మన ఎన్ఎఫ్‌డీసీ డబ్బు కూడా ఉంది. 8 ఆస్కార్లు వచ్చాయి. ఆ ఊపులో పెద్ద బడ్జెట్లు ఒకేసారి నెత్తికెత్తుకున్నారు. 1985లో రెవల్యూషన్ వచ్చింది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం కథ, హీరో అల్ పచీనో, ఖర్చు సుమారు 2 కోట్ల 80 లక్షల డాలర్లు. అమెరికాలో 5 లక్షల డాలర్లు కూడా రాలేదు! దాంతోపాటు అబ్సల్యూట్ బిగినర్స్, ది మిషన్ కూడా అదే టైమ్‌లో సెట్ మీద ఉన్నాయి. మిషన్‌కి కాన్‌లో టాప్ అవార్డు వచ్చినా లాభం లేకపోయింది. కంపెనీ కూలిపోయింది.

పెద్ద స్టూడియోకి ఒక సినిమా పోతే ఇంకో పది ఉంటాయి, గోల్డ్‌క్రెస్ట్‌కి ఆ పది లేవు. బ్రిటన్ జనాభా సుమారు 7 కోట్లు. మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపితే అంతకంటే ఎక్కువే. అమెరికా, కెనడా కలిపి హాలీవుడ్‌కి ఒకటే లోకల్ మార్కెట్, దాని సైజు బ్రిటన్‌కి ఐదు రెట్లు. మనకి భాష అనే గోడ ఉంది. మార్వెల్ సినిమా మన దగ్గరికి రావాలంటే తెలుగులో డబ్బింగ్ చెప్పుకుని రావాలి. లండన్‌లో ఆ గోడ లేదు. శుక్రవారం పూట అదే టికెట్‌కి 20 కోట్ల డాలర్ల సినిమా కనిపిస్తుంటే 35 లక్షల సినిమాకి వెళ్ళమంటే ఎవరు వెళ్తారు చెప్పండి?

పోనీ మనవాడి సినిమా అటు వెళ్తే? స్కాట్లాండ్ కథతో వచ్చిన ట్రైన్‌స్పాటింగ్‌లో ఆ యాస అర్థం కాదని అమెరికా రిలీజ్‌కి కొన్ని డైలాగులు మళ్ళీ చెప్పించారు. ఇంగ్లీష్‌కి ఇంగ్లీష్ డబ్బింగ్ అన్నమాట!

అందుకే బ్రిటిష్ వాళ్ళు గెలిచినప్పుడల్లా చిన్న కథతోనే గెలిచారు. ది కింగ్స్ స్పీచ్ చూడండి, నత్తి ఉన్న రాజు, నేర్పించే మాస్టారు, ఒక గది. కోటిన్నర డాలర్లతో తీస్తే 40 కోట్లు దాటింది, బెస్ట్ పిక్చర్ ఆస్కార్ కూడా వచ్చింది. అందులో యూకే ఫిల్మ్ కౌన్సిల్ ఇచ్చిన లాటరీ నిధులున్నాయి. కామెడీ ఏంటంటే, సినిమా బయటికి రాకముందే ఆ కౌన్సిల్‌ని రద్దు చేస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించేసింది. స్లమ్‌డాగ్ మిలియనీర్ కూడా కోటిన్నర డాలర్లదే. రాసింది ఫుల్ మాంటీ రాసిన సైమన్ బోఫోయ్. అమెరికాలో రిలీజ్ చేయాల్సిన కంపెనీ మూతపడి, డీవీడీకి పరిమితమయ్యే పరిస్థితి వచ్చింది. మళ్ళీ ఫాక్స్ సెర్చ్‌లైటే ఎత్తుకుంది. అలా గట్టెక్కాకే మన రెహమాన్ గారికి రెండు ఆస్కార్లు.

ఇప్పుడు పరిస్థితి ఇంకా చిత్రంగా ఉంది. పన్ను రాయితీల వల్ల హాలీవుడ్ సినిమాలే బ్రిటన్‌కి వచ్చి షూటింగ్ చేస్తున్నాయి. గ్రావిటీ అక్కడే తీశారు. దానికి బాఫ్టాలో ఉత్తమ బ్రిటిష్ సినిమా అవార్డు కూడా ఇచ్చారు, తీయించింది వార్నర్ బ్రదర్స్ అయినా సరే. కెమెరా అసిస్టెంట్ల నుంచి కార్పెంటర్ల దాకా పని దొరుకుతోంది, అది మంచిదే. కానీ స్టూడియో ఫ్లోర్లు, మంచి టెక్నీషియన్లు పెద్ద సినిమాలకే బుక్కయిపోతే, లోకల్ కుర్రాడి మొదటి సినిమాకి ఖర్చు పెరుగుతుంది. అందుకే 2024లో చిన్న సినిమాలకు విడిగా, కోటిన్నర పౌండ్ల ఖర్చు వరకూ ఎక్కువ రాయితీ ప్రకటించారు. నా దృష్టిలో ఇది ఆలస్యంగా వేసిన సరైన అడుగు. రాబోయే సైమన్ బోఫోయ్‌కి మొదటి చెక్కు లండన్ నుంచి వస్తుందా, లాస్ ఏంజెలెస్ నుంచి వస్తుందా అన్నది దీని మీదే ఉంది.

ఈ వీకెండ్ ఖాళీ ఉంటే ఫుల్ మాంటీ చూడండి. షెఫీల్డ్ యాస కాబట్టి సబ్‌టైటిల్స్ ఆన్ చేసుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళు హాల్లో ఉన్నప్పుడు మాత్రం పెట్టకండి, తర్వాత నన్ను అనొద్దు.