పటాలపు బ్యారకులకు పైకమెవరిది?

నెల్లిమర్లకు చేరువనున్న చింతలవలసలో ఆంధ్రప్రదేశ్ ప్రత్యేక పోలీసు 5వ పటాలము గలదు. అచటి బ్యారకుల కప్పు కారినచో, బాగుచేయించుటకు పైకము మంజూరు చేయు అధికారమెవరిది? పటాలాధిపతిదేయని తొందరపడి చెప్పువారు 1794 జూలై 10వ తేదీని స్మరింతురుగాక. ఆనాడు పద్మనాభమున విజయనగర ప్రభువు చిన విజయరామరాజు కుంపిణీసేనతో పోరి హతుడయ్యెను. ఆ సేనను పోషించినది పన్నుల సొమ్మే; ఇచ్చిన రైతును సంప్రతించినవాడు లేడు!

నేడు పోలీసు రాష్ట్రజాబితాలోని విషయము. రాజ్యాంగపు 266వ అధికరణము ననుసరించి శాసనము లేక సంచితనిధినుండి రూపాయియైనను తీయరాదు. మంచిదే. అయినను ప్రతి పెంకుకును సచివాలయపు ఉత్తరువు కావలెనన్నచో ముసురులో తడియువాడు భటుడు. కావున మరమ్మతులకై పటాలాధిపతి స్వయముగా వెచ్చింపదగిన మొత్తమును చట్టమునందే నిర్ణయింపవలెను. కొత్త కట్టడములు సభామోదము లేక తలపెట్టరాదు. లెక్కలను ఏటేట సభ ముందుంచవలెను.