రేజింగ్ తగ్గని పాత బండి

ఏరా అబ్బాయ్, తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టు దగ్గరో, ఏలూరు పాత బస్టాండు దగ్గరో ట్రాఫిక్కు ఆగినప్పుడు విన్నావా? కొన్ని పాత బండ్లు యాక్సిలరేటరు వదిలేసినా గుయ్యిమంటూనే ఉంటాయి. న్యూట్రల్లో పెట్టినా రేజింగ్ దిగదు. అప్పుడు చాలామంది చేసే పని ఒకటే: స్క్రూడ్రైవరు తీసి, ఊరికే నిలబడి ఉన్నప్పటి జోరుని సరిచేసే ఐడిల్ స్క్రూని వెనక్కి తిప్పేయడం. అప్పటికి అరుపు తగ్గుతుంది. మర్నాడు పొద్దున్న ఎన్ని కిక్కులు కొట్టినా బండి నిలబడదు. జబ్బు ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాస్తే అంతే మరి.

అసలు ఇంజను ఎందుకు అరుస్తుందో ముందు చూద్దాం. పెట్రోలు ఇంజను జోరుని పట్టి ఉంచేది గాలి. లోపలికి గాలి ఎక్కువ పోతే జోరెక్కుతుంది, తక్కువ పోతే నెమ్మదిస్తుంది. మీ నాన్న స్ప్లెండర్ 97.2 సీసీ బండి. ఊరికే నిలబడి ఉన్నప్పుడు నిమిషానికి సుమారు 1,400 చుట్లు తిరగాలి. ఫోర్ స్ట్రోక్ కనక రెండు చుట్లకోసారి గాలి పీలుస్తుంది. అంటే సెకనుకి దాదాపు 12 సార్లు. ప్రతిసారీ ఎంత గాలి పోవాలో తేల్చేది కార్బొరేటర్లో పైకీ కిందకీ కదిలే స్లైడు.

మరి ఆ గాలిలో పెట్రోలు ఎలా కలుస్తుంది? ఇరుకు దారిలో గాలి వేగం పెరిగితే అక్కడ ఒత్తిడి పడిపోతుంది. ఇందులో ఉన్న సూత్రాన్ని డేనియల్ బెర్నౌలీ 1738లో పుస్తకంలో పెట్టాడు. ఇరుకు గొట్టాల్లో ప్రవాహం సంగతి 1797లో ఇటలీ ఆయన వెంచురి రాశాడు. బండి పరుగెత్తేటప్పుడు కార్బొరేటరు గొంతులోకి పెట్రోలు ఎగబాకేది ఈ కిటుకుతోనే. కానీ యాక్సిలరేటరు వదిలేస్తే స్లైడు దాదాపు మూసుకుపోతుంది. అప్పుడు దాని వెనక ఇంజను లాగే లాగుడుకి పైలట్ జెట్ అనే సన్నటి బెజ్జంలోంచి చుక్కలు చుక్కలుగా పెట్రోలు వస్తుంది.

నువ్వు డెల్టా పిల్లాడివి, తూము సంగతి నీకు చెప్పక్కర్లేదు. తూము తలుపు ఎంత దించినా, పక్కన గట్టుకి గండి పడితే పొలంలోకి నీళ్లు వస్తూనే ఉంటాయి. మన బండిలో తలుపు స్లైడు. కార్బొరేటరుకీ ఇంజనుకీ మధ్య ఉండే రబ్బరు గొట్టమో, ఓ-రింగో, ప్యాకింగో మన గట్టు. కాబట్టి రేజింగ్ దిగకపోతే రెండే ప్రశ్నలు. తలుపు పూర్తిగా దిగిందా? గట్టుకి గండి పడిందా?

మొదట బండిని నాలుగు కిలోమీటర్లు తిప్పుకొచ్చి వేడెక్కనివ్వు. చల్లటి ఇంజను మీద చూసిన లెక్క లెక్క కాదు. చోక్ పూర్తిగా వెనక్కి వచ్చిందో లేదో చూడు. సగంలో ఇరుక్కుంటే కొన్ని కార్బొరేటర్లలో అదే అదనంగా గాలీ పెట్రోలూ పంపిస్తుంది.

తర్వాత యాక్సిలరేటరు వైరు. స్టాండేసి హ్యాండిల్ని ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పు. తిప్పేకొద్దీ రేజింగ్ మారితే వైరు బిగుసుకుందన్నమాట, లేదా ఎక్కడో నొక్కుకుంది. పిడి తిప్పితే మొదటి 2 నుంచి 6 మిల్లీమీటర్లు వదులుగా తిరగాలి. పూర్తిగా తిప్పి వదిలితే టక్కున వెనక్కి రావాలి. కైకలూరు, ఆకివీడు వైపు చేపల చెరువుల గట్ల మీద తిరిగే బండ్లకి ఈ జబ్బు వచ్చే వీలెక్కువ. తొడుగులోకి నీళ్లు దిగి లోపలి తీగ తుప్పు పడుతుంది. ఎయిర్ ఫిల్టరు చిరిగితే దుమ్ము చేరి స్లైడు కూడా పట్టేస్తుంది.

వైరు బాగానే ఉంటే ఇక గండి వెతకాలి. ఇంజను ఆన్‌లో ఉంచి ఆ రబ్బరు మీద, అతుకుల మీద స్ప్రే సీసాతో కొద్దిగా నీటి తుంపర కొట్టు. ఇంజను శబ్దం మారితే గాలి అక్కడినుంచే పోతోంది. పెట్రోలు మాత్రం కొట్టకు, వేడి ఇంజను మీద అంటుకుంటుంది. కార్బొరేటర్ క్లీనరూ అంతే. ఈ పని ఆరుబయటే చెయ్యి. మూసిన షెడ్డులో పొగలోని కార్బన్ మోనాక్సైడు ప్రాణం తీస్తుంది.

గండిలోంచి వచ్చే గాలికి తగ్గ పెట్రోలు ఉండదు. మిశ్రమం పలచబడి ఇంజను మరీ వేడెక్కుతుంది. 1985 నుంచి 1996 దాకా మన దేశంలో తయారైన ఆర్ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బండ్లలో ఇది ముదిరితే బోరు పట్టేస్తుంది. వాటిలో క్రాంకు సీళ్లు అరిగినా గాలి దూరుతుంది.

ఇంకోటుంది. నెలల తరబడి వాడని బండిలో పెట్రోలు ఆవిరై జిగురు మిగిలి పైలట్ జెట్ మూసుకుపోతుంది. బండి నిలబడటంలేదని ఎవరో ఐడిల్ స్క్రూ బిగిస్తారు, దాంతో స్లైడు పైకి లేచి ఉండిపోతుంది. జెట్‌ని గాలి కొట్టి శుభ్రం చెయ్యాలి. సూది పెట్టి పొడిస్తే బెజ్జం పెద్దదైపోతుంది. పైగా 2025 నాటికి దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. కిలో పెట్రోలు మండటానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. అందుకని పాత జెట్‌తో మిశ్రమం ఇంకొంచెం పలచనవుతుంది. పాత రబ్బర్లన్నీ ఇథనాల్‌కి తట్టుకునేవీ కావు.

ఇవన్నీ సరిచూశాకే స్క్రూల జోలికెళ్లు. వేడి ఇంజను మీద, మిశ్రమాన్ని సరిచేసే ఎయిర్ స్క్రూని ఇంజను బాగా నున్నగా తిరిగే చోట నిలిపి, తర్వాత ఐడిల్ స్క్రూతో 1,400కి దించు. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 ఇంజెక్షన్ బండ్లకి ఈ పద్ధతి పనికిరాదు, వాటికి కంప్యూటరు తగిలించే చూడాలి.

చివరిగా ఒక మాట. రెండు పక్కలా చెరువులున్న సన్నటి గట్టు మీద యాక్సిలరేటరు పట్టేస్తే ముందు క్లచ్చు నొక్కు, వెంటనే తాళం తిప్పి ఇంజను ఆపు. తుప్పు పట్టిన వైరు మార్చేదాకా ఆ బండి గట్టెక్కించకు.