వార్తల్లో పదం: నాన్‌ కాంపౌండబుల్‌

భర్త, అత్తింటివారి వేధింపులపై పెట్టిన కేసును వెనక్కి తీసుకుంటానని భార్య కోరినంత మాత్రాన అది ముగిసిపోదు; ఎందుకంటే 1983లో భారత శిక్షాస్మృతిలో 498-ఎ సెక్షన్‌గా చేరి, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్‌గా కొనసాగుతున్న ఈ నేరం నాన్‌ కాంపౌండబుల్‌, అంటే ఇరుపక్షాలు రాజీపడినా కింది కోర్టు మూసివేయలేని వర్గానికి చెందినది. ప్రాసిక్యూషన్‌ నడిపేది ప్రభుత్వం కాబట్టి అందులో ఫిర్యాదుదారు ప్రధానంగా సాక్షి.

అందువల్ల రాజీ కుదిరిన దంపతులు హైకోర్టులో క్వాష్‌ పిటిషన్‌, అనగా కేసు కొట్టివేయాలన్న అర్జీ, దాఖలు చేస్తారు. హైకోర్టు తన స్వతస్సిద్ధ అధికారంతో అలా కొట్టివేయవచ్చని 2003లో బి.ఎస్‌.జోషి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ మాత్రం అదే ఏడాది అప్పటి నేర విచారణ స్మృతిని సవరించి, కోర్టు అనుమతితో 498-ఎ కేసులో రాజీకి వీలు కల్పిస్తూనే, రాజీ కోరిన నాటి నుంచి కనీసం మూడు నెలలు గడవాలనీ, ఈలోగా ఏ పక్షమూ మాట మార్చుకోకూడదనీ షరతు పెట్టింది. పెద్దమనుషుల పంచాయితీలో, పిల్లల చదువు ఖర్చు మొదలు పెళ్లినాటి బంగారం దాకా సాగే బేరం నడుమ పెట్టించిన సంతకం ఇష్టపూర్వకమో కాదో తేలడానికి ఆ గడువు, చాలకపోవచ్చు గానీ, తెలివైన ఏర్పాటే.